చైల్డ్ ఆబ్జెక్టును పేరెంటుకు కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోల్డరులో ఫైళ్లు, విండోలో బటన్లు, బిల్లులో వరుసలు, డాక్యుమెంటులో పేరాలు: ఒక ఆబ్జెక్టు లోపల మరికొన్ని ఆబ్జెక్టులు ఉండే ప్రోగ్రాములను దాదాపు అందరూ రాస్తారు. తన దగ్గరున్న పిల్లలు ఎవరో పేరెంటుకు ఎలాగూ తెలుసు, ఎందుకంటే వాటి జాబితా దాని దగ్గరే ఉంటుంది. ఆ పిల్లలకు తమ పేరెంటు ఎవరో తెలియాల్సి వచ్చిన రోజు నుంచి చిక్కులు మొదలవుతాయి. ఆ చిక్కుల గురించి తరచుగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. చైల్డు నుంచి పేరెంటుకు వెళ్లేదాన్ని పై లింకు అనీ, పేరెంటు నుంచి చైల్డుకు వచ్చేదాన్ని కింది లింకు అనీ ఈ పేజీలో పిలుస్తాను.

ఇక్కడ పేరెంటు అంటే పేరెంట్ క్లాసేనా?

కాదు. ఒక క్లాసు మరో క్లాసు నుంచి లక్షణాలను వారసత్వంగా తీసుకున్నప్పుడు వాటిని చైల్డ్ క్లాసు, పేరెంట్ క్లాసు అంటాం. అది క్లాసుల మధ్య సంబంధం, ప్రోగ్రాము రాసేటప్పుడే స్థిరపడిపోతుంది. ఈ పేజీలో మాట్లాడుకునేది ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు రెండు ఆబ్జెక్టుల మధ్య ఏర్పడే, మధ్యలో మారిపోగల సంబంధం. ఫైలు అనేది ఫోల్డరులో ఒక రకం కాదు కాబట్టి ఫైలు క్లాసు ఫోల్డరు క్లాసు నుంచి వారసత్వం తీసుకోదు. అయినా ఒక ఫైలు ఆబ్జెక్టుకు ఒక ఫోల్డరు ఆబ్జెక్టు పేరెంటు అవుతుంది. సూపర్ అనే పదం వాడితే పేరెంటు ఆబ్జెక్టు దొరుకుతుందని కొత్తవారు అనుకోవడం నేను చాలాసార్లు చూశాను. సూపర్ తీసుకువెళ్లేది పేరెంట్ క్లాసులోని మెథడ్‌కు మాత్రమే, అప్పుడు కూడా చేతిలో ఉన్నది అదే ఆబ్జెక్టు.

చైల్డుకు పై లింకు నిజంగా అవసరమా?

చాలాసార్లు అవసరం ఉండదు. ఇలా ఒకదానిలో ఒకటి ఉన్న ఆబ్జెక్టుల మొత్తాన్ని చెట్టు అంటారు; ఆ చెట్టును పైనుంచి కిందికి నడిచే పని మాత్రమే ఉంటే, నడిచే ఫంక్షను తాను ఎక్కడినుంచి వచ్చిందో తన ఆర్గ్యుమెంటులోనే మోసుకెళ్లగలదు. ఫైలు పూర్తి పాత్ కావాలంటే, కిందికి దిగుతున్నప్పుడే ఫోల్డర్ల పేర్లను ఒకదాని తర్వాత ఒకటి చేర్చుకుంటూ పోవచ్చు. ఎక్కడో మధ్యలో ఉన్న ఒక చైల్డును ఎవరో నేరుగా చేతికిచ్చి "ఇది దేనిలో ఉంది?" అని అడిగే పరిస్థితి ఉన్నప్పుడే పై లింకు తన ఖర్చుకు తగిన పని చేస్తుంది. బటను మీద క్లిక్ పడినప్పుడు ఆ ఘటన విండో దాకా పైకి పాకాలంటే అది తప్పనిసరి.

ఒకే పనికి రెండు దారులూ ఉన్నాయనడానికి పైథాన్‌లోని ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీలే మంచి ఉదాహరణ. పైథాన్‌తో పాటే వచ్చే ఎలిమెంట్‌ట్రీలో ఏ ఎలిమెంటుకూ తన పేరెంటు తెలియదు. కావలసినవారు చెట్టంతా ఒకసారి నడిచి, ప్రతి చైల్డుకు ఎదురుగా దాని పేరెంటును రాసిన డిక్షనరీని తామే తయారుచేసుకుంటారు. ఎల్‌ఎక్స్‌ఎంఎల్ అనే మరో లైబ్రరీలో గెట్‌పేరెంట్ అనే మెథడు సిద్ధంగా ఉంటుంది. మొదటిదాన్ని లోపం అని కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది: పై లింకు లేదు కాబట్టి అక్కడ ఒకే ఎలిమెంటును రెండు చోట్ల ఉంచడం కుదురుతుంది, పై లింకును సరిచూసే బాధ్యత కూడా ఎవరి మీదా పడదు.

పై లింకును ఎప్పుడు పెట్టాలి: కన్‌స్ట్రక్టర్‌లోనా, తర్వాత చేర్చేటప్పుడా?

పేరెంటు లేకుండా చైల్డుకు అర్థమే లేనప్పుడు కన్‌స్ట్రక్టర్‌లో పెట్టడం బాగుంటుంది. బిల్లు లేని బిల్లు వరుస ఎక్కడా ఉండదు కాబట్టి, వరుసను సృష్టించే పనిని బిల్లు ఆబ్జెక్టులోని ఒక మెథడుకే అప్పగించి, బయటివారు నేరుగా సృష్టించకుండా కన్‌స్ట్రక్టర్‌ను దాచేయవచ్చు. ఒక చోటినుంచి మరో చోటికి కదిలే చైల్డుకు, ఉదాహరణకు ఫైలుకు లేదా బటనుకు, చేర్చే మెథడులో పెట్టడమే సరైనది.

కన్‌స్ట్రక్టర్ లోపలినుంచే చైల్డు తనను తాను పేరెంటు జాబితాలో వేసుకోవడం మాత్రం ప్రమాదకరం. ఆ క్షణానికి చైల్డు ఇంకా పూర్తిగా తయారుకాలేదు. జాబితాలోకి కొత్తది వచ్చిందని పేరెంటు ఎవరికైనా కబురు పంపితే, వారు సగం నిండిన ఆబ్జెక్టును చూస్తారు. కన్‌స్ట్రక్టర్ ఆ తర్వాత ఏదైనా ఎక్సెప్షన్‌తో ఆగిపోతే, పుట్టని చైల్డు జాబితాలో మిగిలిపోతుంది.

రెండు లింకులూ ఎప్పుడూ ఒకదానితో ఒకటి సరిపోయేలా ఎలా చూడాలి?

ఈ విషయంలోని అసలు ప్రశ్న ఇదే. ఒక చైల్డు ఒక పేరెంటుకు చెందుతుంది అనేది ఒకే ఒక్క వాస్తవం. పై లింకు పెట్టిన వెంటనే ఆ ఒక్క వాస్తవాన్ని రెండు చోట్ల రాసుకున్నట్టు అవుతుంది: పేరెంటు జాబితాలో ఒకసారి, చైల్డు దగ్గర ఒకసారి. రెండు చోట్ల రాసిన ఏ లెక్క అయినా ఎప్పుడో ఒకప్పుడు తేడా వస్తుంది, రెంటినీ ఒకే చేయి రాస్తే తప్ప.

ఆ చేయి పేరెంటుదే కావాలని నా అభిప్రాయం. చేర్చడానికి ఒక మెథడు, తీసివేయడానికి ఒక మెథడు పేరెంటులో ఉండాలి. ఆ రెండు మెథడులు తప్ప ప్రోగ్రాములో మరే చోటా ఈ లింకులను ముట్టుకోకూడదు. చేర్చే మెథడు మొదట చైల్డుకు ఇప్పటికే పేరెంటు ఉందేమో చూస్తుంది. ఉంటే దాని జాబితా నుంచి తీయిస్తుంది. తర్వాత తన జాబితాలో వేసుకుంటుంది. చివరికి చైల్డు పై లింకును తన వైపు తిప్పుతుంది. తీసివేసే మెథడు జాబితా నుంచి తొలగించి, పై లింకును ఖాళీ చేస్తుంది. చైల్డు పేరెంటును మార్చే సౌకర్యం చైల్డు వైపునుంచి కూడా ఉండాలనుకుంటే, అది లోపల ఈ మెథడులనే పిలవాలి. రెండూ స్వతంత్రంగా ఒకదాన్నొకటి పిలుచుకునేలా రాస్తే, చేర్చు అంటే మార్చు, మార్చు అంటే చేర్చు అంటూ స్టాకు నిండేదాకా తిరుగుతాయి.

ఇంత జాగ్రత్తగా రాసి కూడా చాలామంది ఒక తలుపు తెరిచి ఉంచుతారు: పిల్లల జాబితాను అడిగినవారికి అసలు జాబితానే ఇచ్చేస్తారు. అందుకున్నవారు దానికి నేరుగా ఒక చైల్డును జోడిస్తే, ఆ చైల్డు పై లింకు ఖాళీగానే ఉండిపోతుంది. అందువల్ల జావాలో మార్చడానికి వీల్లేని జాబితా రూపాన్ని, పైథాన్‌లో టపుల్‌గా మార్చిన ప్రతిని ఇవ్వడం మంచిది.

ఇప్పటికే వేరే పేరెంటు ఉన్న చైల్డును చేరిస్తే ఏం జరగాలి?

మూడు సమాధానాలున్నాయి, మూడూ వాడుకలో ఉన్నవే. మొదటిది నిశ్శబ్దంగా తరలించడం. బ్రౌజరులోని డామ్, అంటే పేజీని ఆబ్జెక్టుల చెట్టుగా చూపే ఏర్పాటు, ఇలాగే చేస్తుంది: పేజీలో ఒక చోట ఉన్న నోడును (చెట్టులోని ఒక ఆబ్జెక్టును) అపెండ్‌చైల్డ్‌తో మరో చోట చేరిస్తే, పాత చోటినుంచి దానంతటదే తొలగిపోతుంది. జావా స్వింగ్‌లోని కంటెయినరు, పైన చెప్పిన ఎల్‌ఎక్స్‌ఎంఎల్ కూడా ఇదే పద్ధతిలో నడుస్తాయి. రెండోది నిరాకరించడం. విండోస్ ప్రోగ్రాముల తెరలు తయారుచేసే డబ్ల్యూపీఎఫ్‌లో ఒక ఎలిమెంటు ఇప్పటికే మరొకదానికి చైల్డుగా ఉంటే, ముందు దాన్ని విడదీయమంటూ ఎక్సెప్షన్ వస్తుంది. మూడోది, పై లింకే లేనప్పుడు, రెండు చోట్లా ఉండనివ్వడం.

తరలించడం వాడేవారికి సుఖంగా ఉంటుంది గానీ, కాపీ కావాలనుకుని అదే నోడును రెండోచోట చేర్చినవారికి మొదటి చోట ఖాళీ ఎందుకు వచ్చిందో చాలాసేపు అర్థం కాదు. వ్యాపార లెక్కలకు సంబంధించిన ఆబ్జెక్టులలో, ఉదాహరణకు బిల్లు వరుసల్లో, నేను నిరాకరించడాన్నే ఎంచుకుంటాను. ఒక వరుస పొరపాటున వేరే బిల్లుకు జారిపోవడం కంటే ప్రోగ్రాము ఆగిపోవడం నయం.

తరలించేటప్పుడు పేరెంటును బట్టి అర్థం మారే విలువల సంగతి కూడా తేల్చుకోవాలి. ఆటలు తయారుచేసే యూనిటీలో ఒక వస్తువు స్థానాన్ని దాని పేరెంటు నుంచి కొలుస్తారు. కాబట్టి పేరెంటును మార్చే సెట్‌పేరెంట్ మెథడు, తెరమీద వస్తువు ఉన్నచోటే ఉండాలా, లేక పాత కొలతలే కొత్త పేరెంటు నుంచి వర్తించాలా అని రెండో ఆర్గ్యుమెంటుగా అడుగుతుంది. ఏమీ చెప్పకపోతే ఉన్నచోటే ఉంచుతుంది.

ఒక ఆబ్జెక్టు తన మనవడికే చైల్డు అయిపోతే?

అప్పుడు అది చెట్టుగా మిగలదు, వలయం అవుతుంది. పై లింకుల వెంట వేరు కోసం, అంటే పేరెంటు లేని అన్నిటికంటే పై ఆబ్జెక్టు కోసం, వెతికే ప్రతి లూపూ అంతం లేకుండా తిరుగుతుంది. దీన్ని చేర్చే మెథడులోనే అడ్డుకోవాలి: కొత్త పేరెంటు దగ్గర మొదలుపెట్టి పై లింకుల వెంట వేరు దాకా నడవాలి, ఆ దారిలో చేర్చబోయే చైల్డే ఎదురైతే నిరాకరించాలి. మొదటి అడుగు కొత్త పేరెంటే కాబట్టి, తనకు తానే చైల్డు అయ్యే సందర్భం కూడా ఈ పరీక్షలోనే దొరికిపోతుంది. ఖర్చు చెట్టు లోతంతే, చెట్టులోని ఆబ్జెక్టుల సంఖ్యతో పనిలేదు. డామ్‌లో ఇలాంటి ప్రయత్నానికి హైరార్కీ రిక్వెస్ట్ ఎర్రర్ వస్తుంది.

ఈ పరీక్షను పాత పేరెంటు నుంచి విడదీయడానికి ముందే చేయాలని మరచిపోకూడదు. విడదీసిన తర్వాత నిరాకరిస్తే చైల్డు ఏ గూటికీ చెందకుండా పోతుంది.

పిల్లలందరినీ ఒక పేరెంటు నుంచి మరొకదానికి మార్చే లూపు రాస్తే సగమే కదిలాయి. ఎందుకు?

మీరు నడుస్తున్న జాబితా మీ కాళ్ల కిందే కుదించుకుపోతోంది. మొదటి చైల్డు కదలగానే రెండోది మొదటి స్థానానికి జరుగుతుంది, లూపు మాత్రం రెండో స్థానానికి వెళ్తుంది. పైథాన్ జాబితా, డామ్‌లోని చైల్డ్‌నోడ్స్ రెండూ ఇలాగే ఒకటి విడిచి ఒకటి వదిలేస్తాయి. జావా సాధారణంగా కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్‌తో ఆపేస్తుంది. జాబితాకు ముందుగా ఒక ప్రతి తీసుకుని ఆ ప్రతి మీద నడవండి, లేదా జాబితా ఖాళీ అయ్యేదాకా మొదటి చైల్డునే మార్చుతూ ఉండండి.

పై లింకు వల్ల మెమరీ లీక్ అవుతుందని అంటారు. నిజమేనా?

భాషను బట్టి ఉంటుంది. పేరెంటు చైల్డును పట్టుకుంటుంది, చైల్డు పేరెంటును పట్టుకుంటుంది. బయట ఎవరికీ ఆ రెండూ అక్కర్లేకపోయినా ఒకదాన్నొకటి వదలవు. ఒక ఆబ్జెక్టును ఎంతమంది పట్టుకున్నారో లెక్కపెట్టి, ఆ లెక్క సున్నా అయినప్పుడే మెమరీని విడుదల చేసే భాషల్లో, ఆ లెక్క ఎప్పటికీ సున్నా కాదు.

జావా, సీ షార్ప్, నేటి జావాస్క్రిప్ట్ ఇంజన్లలో గార్బేజ్ కలెక్టర్ బయటినుంచి చేరుకోగల ఆబ్జెక్టులను మాత్రమే బతకనిస్తుంది కాబట్టి వలయాలు వాటికి సమస్య కావు. పైథాన్ ప్రధాన రూపం లెక్కపెట్టే పద్ధతినే వాడుతుంది. 2000లో వచ్చిన 2.0 వెర్షను నుంచి వలయాలను వెతికి తొలగించే కలెక్టరు దానికి తోడైంది. అయినా డెల్ మెథడు (ఆబ్జెక్టు పోయేముందు నడిచేది) ఉన్న ఆబ్జెక్టు వలయంలో చిక్కుకుంటే ఆ కలెక్టరు దాన్ని ముట్టుకునేది కాదు. 2014లో వచ్చిన 3.4తో ఆ ఇబ్బంది తీరింది. పీహెచ్‌పీకి 2009లో, 5.3 వెర్షనుతో ఇలాంటి కలెక్టరు వచ్చింది. అలాగే లెక్కపెట్టే స్విఫ్ట్‌లో, సీ ప్లస్ ప్లస్ షేర్డ్ పాయింటర్లలో, రస్ట్‌లోని ఆర్‌సీలో వలయాలను వెతికేవారెవరూ లేరు. అక్కడ ఇది అచ్చమైన లీకే. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 కాలంలో పేజీలోని నోడులకు ఒక లెక్క, స్క్రిప్టు ఆబ్జెక్టులకు మరో కలెక్టరు ఉండి, ఆ రెండు లోకాల మధ్య ఏర్పడిన వలయాలు ఎవరికీ కనబడక పేజీ మూసినా మెమరీ మిగిలిపోయేది.

నివారణ అన్నిచోట్లా ఒకటే: పట్టు ఒక దిశలోనే ఉండాలి. పేరెంటు చైల్డును గట్టిగా పట్టుకుంటుంది. చైల్డుకు పేరెంటు ఎవరో తెలుస్తుంది గానీ దాన్ని పట్టుకోదు. ఈ రెండో రకాన్ని వీక్ రిఫరెన్స్ అంటారు. పైథాన్‌లో వీక్‌రెఫ్ మాడ్యూలు, స్విఫ్ట్‌లో వీక్ అనే గుర్తు, సీ ప్లస్ ప్లస్ 11లో వీక్ పాయింటర్, రస్ట్‌లో వీక్ టైపు, పీహెచ్‌పీ 7.4 నుంచి వీక్‌రిఫరెన్స్ ఇందుకే ఉన్నాయి. స్విఫ్ట్‌లో అన్‌ఓన్డ్ అనే మరో గుర్తు కూడా ఉంది. పేరెంటు పోయిన తర్వాత వీక్ లింకు ఖాళీ విలువ ఇస్తుంది, అన్‌ఓన్డ్ లింకును ముట్టుకుంటే ప్రోగ్రాము అక్కడికక్కడే కూలిపోతుంది. పేరెంటు కంటే చైల్డు ఎక్కువ కాలం బతకదని ఖాయంగా తెలిస్తేనే రెండోదాన్ని వాడాలి.

వీక్ రిఫరెన్స్ పెట్టాక పేరెంటు ఉన్నట్టుండి మాయమవుతోంది. ఏం తప్పు చేశాను?

బహుశా మీ చేతిలో చైల్డు ఒక్కటే మిగిలింది. ఒక ఫంక్షను ఫైలును చదివి చెట్టంతా కట్టి, అందులో వెతికిన ఒక ఆకును మాత్రమే తిరిగి ఇచ్చిందనుకుందాం. ఫంక్షను ముగియగానే వేరును పట్టుకున్నవారు ఎవరూ లేరు. వేరు పోతుంది, దానితోపాటు మధ్యలో ఉన్నవన్నీ పోతాయి, మీ చేతిలోని ఆకు పై లింకు ఖాళీ అవుతుంది. నేను కూడా ఈ తప్పు చేసి, డీబగ్గరులో వేరును ఒక వేరియబులులో పెట్టుకుని చూసిన ప్రతిసారీ అంతా సవ్యంగా కనిపించడంతో ఒక పూట పోగొట్టుకున్నాను. ఆ వేరియబులే వేరును బతికించిందని చాలా ఆలస్యంగా తట్టింది. చెట్టును వాడినంతసేపూ వేరును ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి. అలా హామీ ఇవ్వలేని లైబ్రరీ అయితే, వలయాలను తొలగించగల భాషలో మామూలు లింకే వాడడం మేలు. పైథాన్‌లో ప్రతి పై లింకునూ వీక్‌గా మార్చాలనే సలహాను నేను అంగీకరించను.

సీ ప్లస్ ప్లస్‌లో ఏ పాయింటరును దేనికి వాడాలి?

పేరెంటు జాబితాలో యూనిక్ పాయింటర్లు (ఒకే యజమాని ఉండేవి), పై లింకుకు మామూలు పాయింటరు చాలా సందర్భాలకు చాలు. పేరెంటు పోతే పిల్లలూ పోతాయి కాబట్టి, పోయిన పేరెంటు వైపు చూసే చైల్డు అసలు ఉండదు. పేరెంటును మరో చోటికి మూవ్ చేస్తే దాని చిరునామా మారుతుంది, పిల్లల పై లింకులన్నీ పాత చిరునామానే చూపిస్తాయి. కాబట్టి ఆ క్లాసుకు కాపీ, మూవ్ రెంటినీ నిషేధించడం భద్రం. పిల్లలను బయటివారు కూడా పట్టుకోవాలంటేనే షేర్డ్ పాయింటరు, వీక్ పాయింటరు జంటకు వెళ్లాలి. అప్పుడు, ఆబ్జెక్టు తననే పట్టుకునే షేర్డ్ పాయింటరును ఇచ్చే షేర్డ్ ఫ్రమ్ దిస్‌ను కన్‌స్ట్రక్టర్‌లో పిలవకూడదు. ఆ సమయానికి ఆబ్జెక్టును ఏ షేర్డ్ పాయింటరూ పట్టుకుని లేదు, సీ ప్లస్ ప్లస్ 17 నుంచి దానికి ఎక్సెప్షన్ వస్తుంది.

విండోలు, బటన్లు తయారుచేసే క్యూటీ లైబ్రరీ వాడేవారికి ఇదంతా క్యూఆబ్జెక్ట్‌లో సిద్ధంగా ఉంది. పేరెంటును కన్‌స్ట్రక్టర్‌కు ఇస్తే చాలు, పేరెంటు పోయేటప్పుడు పిల్లలను తానే డిలీట్ చేస్తుంది. చైల్డు ముందే పోతే పేరెంటు జాబితా నుంచి తనను తాను తీసేసుకుంటుంది. చిక్కల్లా స్టాకు మీద సృష్టించినప్పుడే. చైల్డును ముందు, పేరెంటును తర్వాత డిక్లేర్ చేసి ఆపై ముడివేస్తే, స్టాకు వెనుకనుంచి ఖాళీ అవుతుంది కాబట్టి పేరెంటు ముందు పోతూ చైల్డును డిలీట్ చేస్తుంది, తర్వాత అదే చైల్డు మరోసారి నాశనమవుతుంది. క్రమం తిప్పి రాస్తే సమస్య లేదు.

పై లింకు పెట్టిన తర్వాత ప్రింటు చేసినా, పోల్చినా, జేసన్‌గా మార్చినా ప్రోగ్రాము కూలిపోతోంది.

ఈ పనులన్నీ ఆబ్జెక్టులోని ప్రతి ఫీల్డులోకీ దిగుతాయి. పేరెంటు తన పిల్లలను ప్రింటు చేయమంటుంది, ప్రతి చైల్డూ తన పేరెంటును ప్రింటు చేయమంటుంది. జావాలో టూస్ట్రింగ్, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్‌లను అన్ని ఫీల్డులతో తయారుచేయిస్తే స్టాక్ ఓవర్‌ఫ్లో వస్తుంది. పైథాన్ డేటాక్లాసులు ప్రింటు విషయంలో తెలివిగా వలయాన్ని గుర్తించి మూడు చుక్కలు పెడతాయి గానీ, ఒకేలా ఉన్న రెండు చెట్లను పోల్చినప్పుడు రికర్షన్ ఎర్రర్‌తో ఆగిపోతాయి. పై లింకు ఫీల్డును ప్రింటు నుంచీ పోలిక నుంచీ మినహాయించమని డేటాక్లాసుకు చెప్పవచ్చు. అలా చెప్పడమే సరైనది, ఎందుకంటే ఒక చైల్డు ఎక్కడ ఉంది అనేది అది ఏమిటి అనేదానిలో భాగం కాదు.

డేటాను టెక్స్టుగా రాసే జేసన్‌కు వలయం అనే భావనే లేదు. జావాస్క్రిప్ట్ స్ట్రింగిఫై టైప్ ఎర్రర్ ఇస్తుంది, పైథాన్ డంప్స్ వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. కింది లింకులను మాత్రమే రాసి, తిరిగి చదివేటప్పుడు చేర్చే మెథడు ద్వారానే పిల్లలను చేర్చితే పై లింకులు వాటంతటవే ఏర్పడతాయి. జావా జాక్సన్ లైబ్రరీలో మేనేజ్డ్ రిఫరెన్స్, బ్యాక్ రిఫరెన్స్ అనే రెండు యానొటేషన్లు సరిగ్గా ఇదే చేస్తాయి.

కాపీ చేయడంలో తప్పు మరింత నిశ్శబ్దంగా జరుగుతుంది. పైథాన్ డీప్‌కాపీతో ఒక చైల్డును కాపీ చేస్తే, పై లింకు వెంట పేరెంటు, దాని వెంట మిగిలిన పిల్లలు, చివరికి చెట్టంతా కాపీ అవుతుంది. పై లింకు వీక్‌రెఫ్ అయితే అది మరో విధంగా తప్పుతుంది: డీప్‌కాపీ వీక్‌రెఫ్‌ను ఉన్నదున్నట్టు వదిలేస్తుంది కాబట్టి, కొత్త చెట్టులోని పిల్లలు పాత చెట్టులోని పేరెంటునే చూపిస్తాయి. ఆబ్జెక్టులను దాచిపెట్టే పికిల్ మాడ్యూలు అయితే వీక్‌రెఫ్‌ను తీసుకోనే తీసుకోదు. కాబట్టి కాపీ చేసే మెథడును మీరే రాయండి: పై లింకు వదిలేసి, పిల్లలను ఒక్కొక్కటిగా కాపీ చేసి, మళ్లీ చేర్చండి.

డేటాబేసులో ఈ సంబంధం ఎలా నిలుస్తుంది?

టేబుళ్లలో పై లింకు ఒక్కటే ఉంటుంది: చైల్డు వరుసలో పేరెంటు ఐడీ. పిల్లల జాబితా ఎక్కడా నిల్వ ఉండదు, అడిగినప్పుడు వెతికి తెస్తారు. వాస్తవం ఒకే చోట రాసి ఉండడం వల్ల టేబుళ్లకు ఈ తంటా లేదు. ఆబ్జెక్టులలోకి తెచ్చేసరికి మళ్లీ రెండవుతుంది. జావా ఆబ్జెక్టులను టేబుళ్లతో కలిపే హైబర్నేట్ లైబ్రరీ వాడేవారికి తగిలే దెబ్బ ఇక్కడిదే: మ్యాప్డ్‌బై అని రాసిన వైపు, అంటే పేరెంటు జాబితా, డేటాబేసుకు లెక్కలోకి రాదు. జాబితాలో చేర్చి చైల్డు పై లింకు పెట్టకపోతే, పేరెంటు ఐడీ ఖాళీగా సేవ్ అవుతుంది లేదా ఖాళీని ఒప్పుకోని కాలమ్ దగ్గర ఎర్రర్ వస్తుంది. పైథాన్‌లో అదే పని చేసే ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో బ్యాక్ పాపులేట్స్ పెడితే ఒక వైపు మార్పు రెండో వైపున మెమరీలోనే వెంటనే కనిపిస్తుంది. పేరెంటును తొలగిస్తే పిల్లల గతి ఏమిటో కూడా ముందే చెప్పాలి, పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్కు జాంగోలో 2.0 నుంచి ఫారిన్ కీకి (పేరెంటు ఐడీ ఉండే కాలమ్‌కు) ఆన్ డిలీట్ రాయకుండా వదిలేయనివ్వడం లేదు, అది మంచి నిర్ణయం.

చైల్డు తన పేరెంటు మెథడులను నేరుగా పిలవవచ్చా?

పిలవవచ్చు, పరిమితంగా. లింకు ఉంది కదా అని పేరెంటు, దాని పేరెంటు, దాని పేరెంటు అంటూ మూడు మెట్లు ఎక్కి అక్కడున్న ఒక సెట్టింగును మార్చే చైల్డు, చెట్టు ఆకారం మారిన రోజున విరిగిపోతుంది. విండోలో నేరుగా ఉన్న బటను మధ్యలో ఒక ప్యానెల్ చేర్చగానే పనిచేయడం మానేస్తే, కారణం సాధారణంగా ఇదే. చైల్డుకు పేరెంటు నుంచి కావలసినవి రెండు మూడు పనులే అయితే, వాటితో ఒక చిన్న ఇంటర్‌ఫేసు తయారుచేసి పై లింకు టైపుగా దాన్నే పెట్టండి. ఏదో జరిగిందని తెలియజేయడమే పని అయితే, పేరెంటు ఇచ్చిన ఒక కాల్‌బ్యాక్ (అప్పుడు పిలవాల్సిన ఫంక్షను) చాలు; అప్పుడు పై లింకే అక్కర్లేకపోవచ్చు. అయితే ఆ కాల్‌బ్యాక్ కూడా లోలోపల పేరెంటును పట్టుకునే ఉంటుంది, స్విఫ్ట్ లాంటి భాషల్లో మెమరీ ప్రశ్న మళ్లీ అక్కడే తలెత్తుతుంది.

జావాలో ఇన్నర్ క్లాసు వాడితే పై లింకు దానంతటదే వస్తుంది కదా?

వస్తుంది. స్టాటిక్ అని రాయని ఇన్నర్ క్లాసు ఆబ్జెక్టు తనను సృష్టించిన బయటి ఆబ్జెక్టును సాధారణంగా దాచి పట్టుకుంటుంది. కానీ ఆ లింకు ఒకసారి ఏర్పడితే మారదు, పిల్లలను తరలించలేరు. ఇలా తెలియకుండా పట్టుకోవడం ఆండ్రాయిడ్‌లో మూసేసిన తెరలు మెమరీలో మిగిలిపోవడానికి పేరుమోసిన కారణం. పై లింకు కావాలంటే కనబడేలా ఒక ఫీల్డు రాసుకోవడమే నాకు నచ్చుతుంది.

రస్ట్‌లో ఇది ఎందుకంత కష్టంగా ఉంది?

ఒక విలువకు ఒకే యజమాని ఉండాలనే నియమాన్ని రస్ట్ కంపైలరు గట్టిగా అమలు చేస్తుంది, పై లింకు ఆ నియమానికి అడ్డంగా వస్తుంది. ఆర్‌సీ, వీక్, రెఫ్‌సెల్ కలిపి రాయవచ్చు. పేరెంటును చూడాలన్న ప్రతిసారీ అప్‌గ్రేడ్ చేసి ఉందో లేదో అడగాలి. అంతకంటే సులువైన దారి, నోడులన్నిటినీ ఒకే వెక్టరులో ఉంచి, పేరెంటునూ పిల్లలనూ ఆ వెక్టరులోని స్థాన సంఖ్యలతో గుర్తుపెట్టుకోవడం. తొలగించిన నోడు స్థానాన్ని మరోదానికి ఇస్తే పాత సంఖ్య కొత్త నోడును చూపిస్తుంది కాబట్టి, ప్రతి స్థానానికీ ఎన్నోసారి వాడుతున్నామనే సంఖ్యను కూడా జతచేస్తారు. ఈ పద్ధతి ఇతర భాషల్లోనూ హాయిగా పనిచేస్తుంది.

మార్పులేని ఆబ్జెక్టులతో చెట్టు కడితే పై లింకు ఎలా?

నేరుగా కుదరదు. పేరెంటును సృష్టించడానికి పిల్లలు ముందే ఉండాలి, పిల్లలకు పై లింకు పెట్టాలంటే పేరెంటు ముందే ఉండాలి. కుదిరినా ప్రయోజనం లేదు: ఒక ఆకు మారితే వేరు దాకా కొత్త నోడులు వస్తాయి, వేరు మారితే దాని వైపు చూసే ప్రతి నోడూ మళ్లీ కొత్తది కావాలి. సీ షార్ప్ కంపైలరు రోజ్లిన్ దీనికి అందమైన పరిష్కారం చూపింది. దానిలో ఆకుపచ్చ చెట్టు, ఎర్ర చెట్టు అని రెండుంటాయి. ఆకుపచ్చ నోడులకు పేరెంటు తెలియదు, కాబట్టి కోడులో ఒక అక్షరం మారినా మిగిలిన నోడులను అలాగే తిరిగి వాడుకోవచ్చు. ఎర్ర నోడులు పైనుంచి కిందికి దిగుతున్నప్పుడు అవసరమైన మేరకే పుడతాయి, పేరెంటు లింకు వాటికే ఉంటుంది.

పలు థ్రెడ్లు ఒకే చెట్టును మార్చుతుంటే?

చెట్టంతటికీ ఒకే లాకు పెట్టండి. నోడుకొక లాకు పెడితే, పైనుంచి దిగే థ్రెడ్డు పేరెంటు లాకు తర్వాత చైల్డు లాకు అడుగుతుంది, కిందినుంచి ఎక్కే థ్రెడ్డు చైల్డు లాకు తర్వాత పేరెంటు లాకు అడుగుతుంది. రెండూ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ నిలిచిపోతాయి. క్యూటీ అయితే వేర్వేరు థ్రెడ్లకు చెందిన ఆబ్జెక్టుల మధ్య పేరెంటు సంబంధాన్ని అసలు అనుమతించదు.

లింకులన్నీ సరిగా ఉన్నాయని ఎలా పరీక్షించాలి?

వేరు నుంచి చెట్టంతా నడిచి నాలుగు సంగతులు చూసే ఒక ఫంక్షను రాసి పెట్టుకోండి. ప్రతి పేరెంటు జాబితాలోని ప్రతి చైల్డు పై లింకు ఆ పేరెంటునే చూపించాలి. ఏ ఆబ్జెక్టూ నడకలో రెండోసారి ఎదురుకాకూడదు. వేరు పై లింకు ఖాళీగా ఉండాలి. తీసివేసిన చైల్డు పై లింకు కూడా ఖాళీగా ఉండాలి. చివరిదాన్ని చెట్టు నడక పట్టుకోలేదు కాబట్టి, పరీక్షలో సృష్టించిన ఆబ్జెక్టులన్నిటినీ వేరే జాబితాలో ఉంచుకుని వాటిని కూడా చూడాలి. తర్వాత పది పదిహేను ఆబ్జెక్టులను తీసుకుని, చేర్చడం, తీయడం, తరలించడం అనే పనులను యాదృచ్ఛిక క్రమంలో కొన్ని వేలసార్లు చేయించి, ప్రతి పని తర్వాతా, నిరాకరించిన పనుల తర్వాత కూడా, ఈ ఫంక్షనును నడపండి. ఆబ్జెక్టులు తక్కువగా ఉంటేనే మనవడి కిందికి తాతను చేర్చే ప్రయత్నాలు తరచుగా పడతాయి. వేల ఆబ్జెక్టులతో నడిపితే అలాంటి సందర్భం ఒక్కసారి కూడా ఎదురుకాకుండానే పరీక్ష పాసయిపోవచ్చు.